కోణానికి కర్త ఎవరు?

పదేళ్లకూ పదహారేళ్లకూ మధ్య వయసు పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి వెన్నెముక పక్కకు ఒంగుతుంది. ఒంగి ఊరుకోదు, వెన్నుపూసలు మెలి కూడా తిరుగుతాయి. అందుకే ఆ పిల్లలు ముందుకు వంగినప్పుడు వీపు ఒకవైపు ఎత్తుగా లేస్తుంది. ఎక్స్‌రేలో ఆ ఒంపు 10 డిగ్రీలో అంతకు మించో ఉంటే స్కోలియోసిస్ అంటారు. నూటికి ఎనభై మందిలో ఎందుకు వచ్చిందో ఏ డాక్టరూ చెప్పలేడు. ఒంపు పెరిగి చికిత్స దాకా వెళ్లేవాళ్లలో ఆడపిల్లలే ఎక్కువ. చికిత్సలు ముఖ్యంగా మూడు. సర్జరీలో కష్టం సర్జన్‌ది. బ్రేస్‌లో సగం పని ఆ ప్లాస్టిక్ కవచానిది, దాన్ని భరించడం పిల్లది. మూడోది శరీర భంగిమను దిద్దే ఫిజియోథెరపీ. ఇందులో పనంతా పిల్లదే. ఇక్కడే నాకు వైద్యానికి మించిన ప్రశ్న ఒకటి కనిపిస్తుంది. చేసే పని పిల్లదైనప్పుడు, ఎక్స్‌రేలో తేలే ఫలితానికీ ఆ పిల్లనే బాధ్యురాలిని చేయవచ్చా? చేయకూడదని నా వాదన. ఇది పిల్లల మీద జాలితో అంటున్న మాట కాదు. పరిశోధనలు తేల్చిందీ, కర్తృత్వం గురించి మన శాస్త్రం చెప్పిందీ రెండూ అటే చూపిస్తున్నాయి.

ఈ వ్యాయామ పద్ధతుల్లో పేరున్నది ష్రోత్ పద్ధతి. 1894లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో పుట్టిన కథరీనా ష్రోత్‌కే స్కోలియోసిస్ ఉండేది. చిన్న వయసులో బ్రేస్ వేసుకుని విసిగిన ఆమె అద్దం ముందు నిలబడి, లోపలికి కుంగిన వైపుకు ఊపిరి నింపుతూ తన ఒంటిని తానే దిద్దుకునే దారి వెతికింది. 1921లో మైసెన్‌లో చిన్న చికిత్సాలయం తెరిచింది. తర్వాత ఆమె, కూతురు క్రిస్టా కలిసి పశ్చిమ జర్మనీలోని సోబర్న్‌హైమ్‌లో దాన్ని పెంచారు. ఒంపు ఎటు ఉందో తెలుసుకోవడం, నడుమును పొడవుగా సాగదీయడం, మెలికకు ఎదురు తిరగడం, కుంగిన పక్కటెముకల కిందికి శ్వాసను పంపడం, అలా దిద్దుకున్న భంగిమను బడిలోనూ భోజనాల దగ్గరా నిలబెట్టుకోవడం, ఇదీ దాని సారం. తనకు కనిపించని తన వీపును పిల్ల లోపలి నుంచి ఎరగాలి. ధారణ, శ్వాస, అభ్యాసం అంటూ యోగశాస్త్రం చెప్పేదానికి ఇది ఎంత దగ్గరో వేరే చెప్పనక్కర్లేదు. పిల్లకు తన ఒంటి మీద ఇంత అధికారం ఇచ్చే చికిత్స మరొకటి లేదు. ఎంత అధికారం ఇస్తుందో అంత నేరమూ ఆమె నెత్తిన పెట్టగలదు.

నిటారు వెన్నును నీతితో ముడిపెట్టడం పాత అలవాటే. 1741లో ఫ్రెంచి వైద్యుడు నికొలా ఆంద్రీ పిల్లల అవయవాల వంకరలు సరిచేయడం మీద పుస్తకం రాస్తే, అందులో రాటకు కట్టిన వంకర చెట్టు బొమ్మ వేశారు. ఎముకల వైద్యులకు నేటికీ అదే గుర్తు. మన దగ్గర మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు. రెండింటిలోనూ చెట్టును దిద్దే చెయ్యి పెద్దలది. ఆ చెయ్యి దిద్దకపోయినా, దిద్దినా చెట్టు మాట వినకపోయినా తప్పు ఎవరో ఒకరిది కావాలి. అందుకే స్కోలియోసిస్ బయటపడగానే ఇళ్లలో మొదట వచ్చే మాట, వంకరగా కూర్చోవద్దంటే విన్నావు కావు అని. కాకపోతే బడి సంచి మీద పడతారు. ఆ వయసులో తెలియని కారణంతో వచ్చే స్కోలియోసిస్‌ను సంచి బరువు గానీ కూర్చునే తీరు గానీ తెస్తాయనడానికి ఆధారం లేదు. ఒకే పోలిక కవలల్లో ఇద్దరికీ రావడం, వేరు పోలిక కవలల్లోకన్నా ఎక్కువ. అంటే వారసత్వానికి పెద్ద వాటా ఉంది. ఈ మొదటి నింద తేలిగ్గానే వీగిపోతుంది. రెండోది అంత తేలిక కాదు. రావడం నీ తప్పు కాకపోవచ్చు, తగ్గించుకోవడం మాత్రం నీ చేతిలోనే ఉంది కదా అంటుంది అది.

ఎంత చేతిలో ఉందో చూద్దాం. 2014లో ఇటలీలో 110 మంది పిల్లల మీద జరిగిన ప్రయోగంలో, స్వల్ప ఒంపు ఉన్నవాళ్లలో తమను తాము దిద్దుకునే వ్యాయామం చేసినవారికి కోణం సగటున 5 డిగ్రీల పైగా తగ్గింది. కెనడాలోని అల్బెర్టాలో 50 మంది మీద ష్రోత్ వ్యాయామాలను ఆరు నెలలు పరీక్షించి 2016లో ఫలితం ప్రకటించారు. చేసినవారికీ చేయనివారికీ మధ్య తేడా మూడున్నర డిగ్రీలు. సంతోషించదగ్గదే. అయితే ఎక్స్‌రే మీద ఈ కోణం కొలవడంలోనే 5 డిగ్రీల దాకా తేడా రావచ్చని డాక్టర్లందరికీ తెలుసు. పదిమంది సగటులో కనిపించే మూడు డిగ్రీలు ఒక పిల్ల ఎక్స్‌రేలో ఉన్నాయో లేవో చెప్పడం కష్టం. 2024లో వెలువడిన స్వీడన్ ప్రయోగం ఇంకా నిక్కచ్చిగా మాట్లాడింది. మధ్యస్థమైన ఒంపులను ఆపడంలో రాత్రి బ్రేస్ మేలు చేసింది గానీ, ప్రత్యేక వ్యాయామం మామూలు ఆటపాటలకన్నా స్పష్టంగా మెరుగనిపించలేదు. బ్రేస్ సంగతీ ఏకపక్షం కాదు. 2013లో అచ్చయిన అమెరికా అధ్యయనంలో బ్రేస్ వేసుకున్నవారిలో 72 శాతం మందికి ఒంపు సర్జరీ దాకా పోలేదు. వేసుకోనివారిలోనూ 48 శాతం మంది అలాగే బయటపడ్డారు. అంటే కష్టపడి కూడా కొందరు ఓడారు, ఏమీ చేయకుండానే కొందరు గెలిచారు.

ఇలాంటి చోట చాలామంది గీత రెండో అధ్యాయం ఎత్తుకుంటారు. పని నీది, ఫలం నీది కాదని. నాకు పద్దెనిమిదో అధ్యాయం ఎక్కువ పనికొస్తుందనిపిస్తుంది. ఏ కర్మ జరగాలన్నా అయిదు కావాలని అక్కడ సాంఖ్యం పేరున లెక్క కట్టారు. అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, దైవం. ఇన్ని ఉండగా తానొక్కడే కర్త అనుకునేవాడు సరిగా చూడనివాడని తేల్చారు. ఈ చూపుతో ఎక్స్‌రే చూడండి. అధిష్ఠానం శరీరం. ఒంపు మొదట ఎంత ఉంది, వీపులో ఉందా నడుములో ఉందా, పిల్ల ఇంకా ఎంత పెరగాల్సి ఉంది అన్నవి దానిలోవి. కర్త పిల్ల. కరణాలు కండరాలు, ఊపిరి. అద్దాన్నీ బ్రేస్‌నీ కూడా వాటిలో చేర్చుకోవచ్చు. చేష్టలు రోజువారీ సాధన. దైవం అంటే ఇంద్రియాలను అనుగ్రహించే దేవతలని శంకరులు, అంతర్యామి అని రామానుజులు అన్నారు. ఎవరి మాట తీసుకున్నా అది పిల్ల చేతిలోది కాదు. అయిదింటిలో పిల్ల అదుపులో ఉన్నది ఒకటిన్నర. ఎదిగే వయసులో ఒంపు ఎంత వేగంగా ముదురుతుందో నిర్ణయించేవాటిలో పెద్ద వాటా మిగిలిన ఎదుగుదలది. దాన్ని ఏ సాధనా ఆపలేదు.

ఫలితం నీది కాదంటే పద్నాలుగేళ్ల పిల్ల రోజూ వ్యాయామం ఎందుకు చేస్తుంది అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. యోగవాసిష్ఠం ముముక్షు ప్రకరణంలో వసిష్ఠుడు దైవాన్ని నమ్ముకుని కూర్చునేవాళ్లను చీవాట్లు పెట్టి పురుషకారాన్ని ఆకాశానికెత్తాడు. లెక్కలు కూడా ఆయన పక్షం కొంత పలుకుతాయి. అదే అమెరికా అధ్యయనంలో రోజుకు సుమారు 13 గంటలు, అంతకుమించి బ్రేస్ వేసుకున్నవారిలో 90 శాతం పైగా ఫలితం పొందారు. ప్రయత్నానికి విలువ లేదని నేననడం లేదు. అయిదింటిలో ఒకటి సున్నా అయితే కర్మే జరగదు. కానీ ప్రయత్నం అవసరమనడానికీ, ప్రయత్నిస్తే చాలుననడానికీ మధ్య తేడా ఉంది. వసిష్ఠుడు మాట్లాడింది నిరాశలో కూరుకుపోయిన రాముడితో, లేవమని చెప్పడానికి. ఓడినవాణ్ని నిలదీయడానికి కాదు. ఆ పొగడ్తనే తిరగేసి, నువ్వు సరిగా చేసి ఉంటే తగ్గేది అని పిల్లను తప్పుపడితే పురుషకారం కూడా పూర్వజన్మ పాపమన్నంత క్రూరంగా మారుతుంది. ఒకటి పోయిన జన్మలో నేరం వెతుకుతుంది, ఒకటి ఈ జన్మలో. నేరం ఉండి తీరాలన్నది రెండింటికీ ఒకటే.

ఇంకో అభ్యంతరం ఆధ్యాత్మిక పక్షం నుంచే వస్తుంది. ధ్యానానికి శరీరం, మెడ, తల తిన్నగా నిలపమని గీత ఆరో అధ్యాయమే చెప్పింది కదా, నిటారుతనం సాధకుడి అర్హత కాదా? దానికి జవాబు మహాభారత అరణ్యపర్వంలో ఉంది. తండ్రి కహోడుడు వేదం చదువుతుంటే కడుపులోని బిడ్డ తప్పు ఎత్తిచూపాడు. తండ్రి కోపంతో శపించాడు, బిడ్డ ఎనిమిది వంకరలతో పుట్టాడు. వంకరకు మూలం బిడ్డ దోషం కాదు, తండ్రి అహంకారమని కథే చెబుతోంది. పెరిగిన అష్టావక్రుణ్ని జనకుడి యాగశాల ద్వారం దగ్గర అడ్డుకున్నది పసివాడివని. లోపలికి వెళ్లి ఆస్థాన పండితుడు వందిని వాదంలో ఓడించాడు, అంతకుముందు అతని చేతిలో ఓడిన తండ్రిని విడిపించాడు. సమంగ నదిలో మునిగి అవయవాలు తిన్ననైంది ఆ తర్వాతే. అన్నీ గెలిచాక కూడా ఒళ్లు సరిచేయకుండా కథకుడు ఉండలేకపోయాడు, అది మన మనసు బలహీనత. లోకం లెక్క చూసినా అంతే. అమెరికాలో అయోవా రాష్ట్రంలో చికిత్స తీసుకోనివారిని యాభై ఏళ్ల తర్వాత కలిసి చూస్తే, వీపు నొప్పి, రూపం గురించిన బెంగ కొంత ఎక్కువగా ఉన్నా బతుకులు అందరిలాగే నడిచాయి.

తల్లిదండ్రులకూ ఫిజియోథెరపిస్టులకూ ఒక విన్నపం. ఈ రోజు సాధన చేశావా అని పిల్లను తప్పక అడగండి, మానేస్తే గట్టిగానే చెప్పండి. కోణం సంగతి డాక్టరుతో మాట్లాడుకోండి. అది తగ్గిన రోజున అంతా నీ కష్టమేనని పొగడకండి, పెరిగిన రోజున పిల్ల ఆ పొగడ్తను నిందగా గుర్తు చేసుకుంటుంది. ఒంపు 45, 50 డిగ్రీలకు చేరి సర్జరీ తప్పనిసరైతే, అప్పటిదాకా చేసినదంతా వృథా అయిందని ఆమె వినేలా అనకండి.