వంటగట్టు కొలత

పోయిన ఏడాది వేసవిలో అంగలకుదురులోని మా పుట్టింట్లో వంటిల్లూ స్నానాలగదీ కొత్తగా కట్టించాం. డబ్బు అమెరికాలో ఉన్న తమ్ముడిది, దగ్గరుండి చేయించింది నేను. అమ్మకి డెబ్భై రెండేళ్లు. "నాకెందుకే ఇవన్నీ" అంటూనే ఉంది. మొహమాటం అనుకున్నాను.

పాత వంటింట్లో వాస్తు ప్రకారం పొయ్యి ఆగ్నేయం మూల, నీళ్లు ఈశాన్యం మూల. ముప్ఫై అయిదేళ్లు అమ్మ ఆ రెండు మూలల మధ్య నడిచింది. ఆ నడక తగ్గించాలనే నేను మొదట అనుకున్నది. డిజైనరు ఫోనులో బొమ్మలు చూపించేసరికి ఆ సంగతి వెనకబడింది. అద్దంలా మెరిసే తలుపుల అలమర్లు, తెల్లటి గట్టు, చిమ్నీ. స్నానాలగదిలో గాజు తలుపు, నున్నటి పెద్ద పెద్ద టైల్సు, నెత్తిమీద షవరు. ఎంత బాగున్నాయో! అందం అక్కర్లేదని నేననను. పొగచూరిన గోడల మధ్య జీవితమంతా వండిన మనిషి వెలుతురున్న గది కోరుకుంటే తప్పేముంది? ఆడవాళ్ల ముచ్చటని ఆడంబరమని కొట్టిపారేసే మగవాళ్లు కారు రంగు కోసం నెల్లాళ్లు తర్జనభర్జన పడతారు.

కార్తీకమాసంలో ఒకరోజు తెల్లవారుజామున ఆ టైల్సు మీద అమ్మ జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు.

ఆ ఆరు వారాలూ నేనే ఉండి వండాను. మొదటిరోజే పొయ్యి దగ్గర పీట కాలికి తగిలింది. ఇక్కడ పీటెందుకంటే, అమ్మ దానిమీద నిలబడి వండుతోందట. గట్టు ఎత్తు 36 అంగుళాలు. అమ్మ నాలుగడుగుల పది అంగుళాల మనిషి. నాకు మాత్రం ఆ గట్టు అచ్చంగా సరిపోయింది. ఎందుకు సరిపోదు? ఎంత ఎత్తు పెట్టాలని వాళ్లడిగినప్పుడు గోడ పక్కన నిలబడి, మోచెయ్యి మడిచి చూపించింది నేనే. అప్పుడు అమ్మ పక్కగదిలో కూచుని ఆవకాయకి ముక్కలు తుడుస్తోంది.

పై అలమర్ల సంగతి సరేసరి. అమ్మకి అందవు కనక డబ్బాలన్నీ గట్టుమీదికి దిగాయి. గట్టుమీద జరగాల్సిన పని వెనక వసారాలోకి పోయింది. చేపలపులుసూ వేపుళ్లూ అక్కడే, పాత గ్యాసుపొయ్యి మీద. తెల్లగట్టు మీద పసుపు మరక పడుతుందని అమ్మ భయం. చుట్టాలకి చూపించే వంటిల్లు ఒకటి, వండుకునే వంటిల్లు ఇంకొకటి. ఈమధ్య బాగుచేయించుకున్న ఇళ్లలో ఈ వరస నాకు చాలాచోట్ల కనబడుతోంది.

అందం ముఖ్యమా, సౌకర్యం ముఖ్యమా అని అడుగుతుంటారు. ఎవరికి సౌకర్యం అన్నది ఆ ప్రశ్నలో ఉండదు. సౌకర్యం ఎవరో ఒక మనిషి ఒంటికే కదా ఉండేది!

మార్గరెట్ షూటె లిహోట్‌స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్టు 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో సామాన్యుల ఇళ్ల కోసం ఒక వంటిల్లు రూపొందించింది. రైళ్లలో భోజనాల పెట్టెకుండే వంటగది ఆమెకి ఒక నమూనా. అడుగులు వృథా కాకుండా, సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవున్న గదిలో అన్నీ చేతికందేలా అమర్చింది. కూచుని పనిచేసుకోడానికి స్టూలు కూడా పెట్టింది. అలాంటివి పదివేల దాకా కట్టారు. ఇవాళ్టి మాడ్యులర్ కిచెన్‌కి అదే పూర్వరూపం. ఆడవాళ్ల శ్రమ తగ్గించాలన్న తపన అందులో నిజంగా ఉంది. అయితే ఆ గదిలో ఇద్దరు కలిసి పనిచేయడం కష్టం. వంట ఒక్క ఆడదాని పనే అన్న మాటని గోడలతో సహా కట్టేసినట్టయిందని తర్వాతి స్త్రీవాదులు విమర్శించారు. ఆ వంటిల్లు గీసేనాటికి తనెప్పుడూ వండలేదని ఆమే తర్వాత చెప్పుకుంది. నేను రోజూ వండుతాను. అయినా నా మోచెయ్యే కొలత అనుకున్నాను.

విమల 'వంటిల్లు' కవిత చదివి కదిలిపోయిన తరం మాది. వంటింట్లోంచి బయటపడటం గురించే ఆలోచించాం గానీ, అందులో ఇంకా ఉన్నవాళ్ల నడుము నొప్పి గురించి మాట్లాడటం చిన్నతనమనుకున్నామేమో.

కట్టు ఉన్నన్నాళ్లూ అమ్మకి స్నానం చేయించింది మా ఇంట్లో అంట్లు తోమే ఆమె. నాతో చేయించుకోడానికి అమ్మకి సిగ్గు. "ఇదుగో, ఇక్కడో కమ్మీ ఉంటే అమ్మగారు పట్టుకుని లేస్తారు. ఈ అద్దం తలుపు తీసేసి కూచోడానికి అరుగు కట్టించండి" అంది రెండోరోజే. డిజైనరుకి తట్టలేదు, నాకూ తట్టలేదు. ఇరవై ఏళ్లుగా చేస్తోంది మా ఇంట్లో. ఆ స్నానాలగదిని రోజూ కడుగుతుంది. తన అవసరానికి మాత్రం దొడ్డివైపు రేకుల గదికి పోతుంది. "కొత్తది వాడుకోమందామా" అని అడిగితే అమ్మ మాట మార్చింది. నేనూ పట్టుబట్టలేదు. కులం అన్న మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనరు. అనకుండానే అన్నీ జరుగుతాయి. సభల్లో ఇన్ని మాటలు చెప్పే నేను ఎందుకు ఊరుకున్నానో నన్ను నేను అడుక్కుంటూనే ఉన్నాను. ఇంత ఖర్చులో, ఆమె గొంతుక్కూచుని అంట్లు తోమే దొడ్డి కుళాయి దగ్గర ఒక్క రూపాయి పెట్టలేదు. మోకాళ్లు పట్టేస్తున్నాయని ఆమె చాన్నాళ్లుగా అంటోంది.

సంక్రాంతి వెళ్లాక మేస్త్రిని పిలిపించాను. స్నానాలగదిలో గరుకు టైల్సు, కమ్మీ, అరుగు. వంటగట్టుకి ఈసారి అమ్మని నిలబెట్టి కొలిస్తే 31 అంగుళాలు వచ్చింది. "అంత డబ్బు పోసి మళ్లీ పగలగొట్టడమేంటక్కా" అని తమ్ముడు ఫోనులో విసుక్కున్నాడు. దొడ్లో కుళాయి దగ్గర నిలబడి తోముకునేలా తొట్టి కట్టమన్నాను.

"ఎంత ఎత్తు పెట్టమంటారమ్మా?" అన్నాడు మేస్త్రి, టేపు లాగుతూ.

అలవాటుగా మోచెయ్యి మడవబోయాను. ఆమె ఇంకా మూడిళ్ల పని ముగించుకుని రావాలి. పదకొండింటి దాకా ఆగమన్నాను.