తరగతి గదిలో పక్షపాతము



చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి సంఘముల పిల్లలు ఇప్పుడు డిగ్రీ, పి.జి. వరకు వెళుతున్నారు. ఇంట తెలుగు, కళాశాలలో కన్నడము, పుస్తకములో ఇంగ్లీషు. అదెలాగో నెగ్గుకొస్తారు. నెగ్గుకురాలేనిది మరొకటున్నది. "మీదే ఊరు? ఊళ్లో ఏ వీధి?" అనే ప్రశ్న. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవులకు షెడ్యూల్డు కులముల హోదా లేదు. కాగితము మీద పోయిన కులము తరగతిలో పోలేదు.

ఈ మాట ఎత్తితే అధ్యాపకులు, "మాకు అందరూ సమానమే, మేము కులము చూడము" అంటారు. మంచి మనసుతోనే అంటారు. అయితే చూడకపోవడము న్యాయమగునా? ఉపాధ్యాయ శిక్షణ పొందినవారము గనుక మేము కాదనే అంటాము. ఏ పిల్లవాడు ఎప్పుడూ వెనుక బెంచీలోనే కూర్చుంటున్నాడో, ప్రయోగశాలలో ఎవరిని ఎవరూ జతకు పిలవరో, చూడనివారికి తెలియదు. యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయములో పక్షపాతమును గూర్చి చెప్పుటకు ఎత్తుకున్నది కూడ కూర్చునే చోటు సంగతే. 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి; ఎక్కువమంది మాదిగలు. వారి పిల్లలకు బడులు పెట్టిన ఒంగోలు మిషనువారు కులము చూడనివారు కారు. చూచియే ఆ పల్లెలకు వెళ్లిరి.

చూడవలెను గాని వేలెత్తి చూపరాదు. కష్టమంతా ఇక్కడే. స్కాలర్‌షిప్పు వచ్చినవారి పేర్లు తరగతిలో చదివే అధ్యాపకుడు మేలు చేస్తున్నాననుకుంటాడు. విన్నవారు మూడేళ్లూ మరువరు. తరగతిలో విద్యార్థుల కులము బిగ్గరగా చెప్పడమును, రిజర్వేషనువారని ముద్ర వేయడమును యు.జి.సి. 2012 నిబంధనలు వివక్షగానే ఎంచినవి. ఆ పిల్లలను ఆఫీసుకు పిలిచి చెప్పవచ్చును. జతలు నెలకొకసారి మార్చవచ్చును. పేరు మూసి జవాబు పత్రము దిద్దవచ్చును. ముందు తెలుగులో చెప్పనిచ్చి పిమ్మట కన్నడములో చెప్పించవచ్చును. ఇందులో ఖర్చేమున్నది?

పాఠము సంగతి మరింత బరువైనది. అమెరికాలో నల్లవారి పోరాటము, దక్షిణాఫ్రికా వర్ణవివక్ష మన అధ్యాపకులు చక్కగానే చెబుతారు. 2000 మార్చి 11న చింతామణి తాలూకా కంబాలపల్లిలో ఏడుగురు దళితులను సజీవదహనము చేసిరి. నిందితులు 2006లో నిర్దోషులుగా విడుదలైరి. ఇది ఆ తాలూకాలోనే ఎందరు చెబుతారు? గొడవలవుతాయని భయము. ఆ భయము వట్టిది కాదు. ఇరుపక్షముల పిల్లలూ ఒకే గదిలో ఉంటారు. అయినా ఇళ్లలో విననే విన్నారు, అదీ కోపముతో. ఎవరినీ నిందించక, జరిగినది, చట్టము చెప్పేది, న్యాయస్థానము తీర్పు వరుసగా చెప్పే గురువు నోట వినడము వేరు. మన పిల్లవాడు ఒక్కడే కాదు, అవతలి వీధి పిల్లవాడు కూడ అక్కడే కూర్చుని వింటాడు గదా.