ఉప్పెనకు ముందే తీర్చాల్సిన బాకీ

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచేసింది. సుమారు పదివేల మంది పోయారు. అంత చావునూ తలరాతని సరిపెట్టుకోవడం తేలికే. మన ధర్మచింతన మాత్రం పాలకుణ్ణి అంత తేలిగ్గా వదల్లేదు.

భారతం సభాపర్వంలో నారదుడు ధర్మరాజును వరసపెట్టి నిలదీస్తాడు. సేద్యం వాన మీదే ఆధారపడకుండా రాజ్యమంతటా చెరువులు తవ్వించావా? రైతుకు విత్తనాలు, అప్పు దొరుకుతున్నాయా? ఆపద రాకముందే చేయాల్సిన పనుల గురించే ఈ ఆరా.

మరి ఇలాంటి పనులకిచ్చే ప్రభుత్వ గ్రాంటు దానమా, బాకీయా?

బాకీయే. జనం కట్టిన పన్నుల సొమ్ముకు వేరే దాత ఎవరు? 2021-26కు రాష్ట్రాల విపత్తు నిధులుగా 1,60,153 కోట్ల రూపాయలు సిఫారసు చేసిన 15వ ఆర్థిక సంఘం, అందులో 20 శాతం ముందుజాగ్రత్త పనులకు విడదీసింది. మంచి అడుగే, కానీ చిన్నది.

తీరంలో ముందుజాగ్రత్తకు ఒక రూపం తుపాను ఆశ్రయ భవనాలు. అవి స్తంభాల మీద లేస్తాయి. కింద నీళ్లు పారిపోయే ఖాళీ, పైన జనం. మామూలు రోజుల్లో చాలాచోట్ల అదే బడి. ముందుజాగ్రత్త విలువేమిటో ఒడిశా చూపింది. అక్కడ 1999 పెను తుపాను సుమారు పదివేల మందిని బలిగొంది. 2013లో ఫైలిన్ తుపానుకు ముందే లక్షల మందిని తరలించడంతో మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది.

తీరవాసులారా, మీ ఊరి ఆశ్రయ భవనం తాళం ఎవరి దగ్గరుందో, మరమ్మతుకు నిధులొచ్చాయో లేదో తుపాన్ల కాలానికి ముందే పంచాయతీని అడగండి.