నియమం తప్పిన కిరీటం



నిరుడు వర్షాకాలంలో ఒకనాటి సాయంత్రం, జపమాల ముగిశాక, మా విచారణకు చెందిన ఒక తల్లి గురుగృహానికి వచ్చింది. వెంట పదిహేడేళ్ళ కొడుకు ఉన్నాడు. బరువులెత్తే పోటీలలో జిల్లా స్థాయి పతకం తెచ్చుకున్న పిల్లవాడు. ఆమె కాగితం పొట్లం ఒకటి విప్పి నా బల్ల మీద పెట్టింది. అందులో రెండు ఖాళీ ఇంజెక్షన్ సీసాలు, ఒక సిరంజి ఉన్నాయి. "వీడి బట్టల సంచిలో దొరికాయి ఫాదర్ గారూ. అడిగితే బలం మందంటున్నాడు" అంది.

అబ్బాయి చాలాసేపు తల ఎత్తలేదు. చివరికి, "అందరూ వేసుకుంటున్నారు ఫాదర్. నేనొక్కణ్ణే మానేస్తే వెనకబడిపోతాను. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తే నాన్న అప్పు తీరుతుంది" అన్నాడు. ఆ మందుకు డబ్బు ఇచ్చింది తండ్రేనని కాసేపటికి తెలిసింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పతకం వచ్చిన ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక అతణ్ణి ముందుకు పిలిచి విచారణ అంతటిచేత చప్పట్లు కొట్టించినవాణ్ణి నేనే. ఎంత బరువు ఎత్తావని అడిగాను. ఎలా ఎత్తగలిగావని అడగలేదు. వారి అనుమతితోనే, పేర్లు చెప్పకుండా ఈ సంగతి మీకు వ్రాస్తున్నాను.

ఇలాంటి మందులను ఉత్ప్రేరకాలంటారు. వాటిలో స్టెరాయిడ్లు ముఖ్యమైనవి. పురుషుని దేహంలో సహజంగా ఊరే టెస్టోస్టిరాన్‌ను పోలిన కృత్రిమ పదార్థాలివి. వాటివల్ల కండ త్వరగా పెరిగే మాట నిజమే. కాని కాలేయం చెడుతుంది, రక్తపోటు పెరుగుతుంది, గుండె దెబ్బతింటుంది. ఆడపిల్లలకు గొంతు బొంగురుపోతుంది, నెలసరి తప్పుతుంది. ఎదిగే పిల్లలకు ఎముకల పెరుగుదల ముందే ఆగిపోవచ్చు. మన గవర్నర్‌పేట, సూర్యారావుపేట వీధుల్లో ఆస్పత్రులకు, మందుల షాపులకు కొదవలేదు. జబ్బుపడ్డవానికి డాక్టరు వ్రాసిస్తే మందు దేవుని వరమే. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ పతకం కోసం పొడిపించుకుంటే అదే మందు విషమవుతుంది.

దీనిని కేవలం ఆటల నిబంధనల వ్యవహారమని అనుకోకండి. ఇక్కడ మూడు దైవాజ్ఞలు మీరబడుతున్నాయి. తన దేహానికి తానే హాని చేసుకోవడం ఐదవ ఆజ్ఞకు విరుద్ధం. మరొకరికి రావలసిన పతకాన్ని తీసుకోవడం ఏడవ ఆజ్ఞకు విరుద్ధం. తనది కాని బలాన్ని తనదని లోకానికి చూపడం ఎనిమిదవ ఆజ్ఞకు విరుద్ధం. క్రీడా విజయాన్ని, దేహ సౌష్ఠవాన్ని విగ్రహంలా కొలవరాదని 1992లో వెలువడిన కతోలిక సత్యోపదేశ గ్రంథం 2289వ అంశంలో హెచ్చరిస్తోంది.

పునీత పౌలుగారికి ఆటలు తెలుసు. ఆయన సువార్త బోధించిన కొరింతు పట్టణం దగ్గర పేరుమోసిన పోటీలు జరిగేవి. గెలిచినవానికి ఆకులతో అల్లిన కిరీటం పెట్టేవారు. వాడిపోయే ఆ కిరీటం కోసమే వారు అంత నిగ్రహం పాటిస్తుంటే, వాడిపోని కిరీటం కోసం మనమెంత పాటించాలని కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖలో ఆయన అడిగారు. తిమోతికి వ్రాసిన రెండవ లేఖలో, నియమం ప్రకారం పోరాడనివానికి కిరీటం దక్కదని తేల్చి చెప్పారు. గ్రీకుల ఒలింపియాలో మోసం చేసి పట్టుబడినవారి జరిమానాలతో కంచు విగ్రహాలు పోయించి, క్రీడారంగానికి వెళ్ళే దారి పక్కన నిలబెట్టేవారు. వాటిలో మొదటివి క్రీస్తుపూర్వం 388 నాటి మోసానికి గుర్తులు. పాపం పాతదే, సూది మాత్రమే కొత్తది.

మన తెలుగునాట బలానికి కరువు లేదు. 1963లో వచ్చిన 'నర్తనశాల'లో భీముడిగా నటించిన దండమూడి రాజగోపాల్ మన కృష్ణా జిల్లావారే. విజయవాడ ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టుకున్నాం. 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరి, ఒలింపిక్ పతకం సాధించిన మొదటి భారతీయ మహిళ. 2002 మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచిన శైలజా పూజారి కూడా ఆంధ్రప్రదేశ్ బిడ్డే. కాని ఆమె 2006లో ఉత్ప్రేరకాల పరీక్షలో పట్టుబడింది. 2010లో మళ్ళీ పట్టుబడి జీవితకాల నిషేధానికి గురైంది. ఆమెపై రాయి వేయడానికి ఈ మాట చెప్పడం లేదు. 2006లో మన దేశపు లిఫ్టర్లు నలుగురు పట్టుబడినందుకు భారత సమాఖ్యనే ఏడాదిపాటు నిషేధించారు. ఆ ఏడాది దోహా ఆసియా క్రీడల్లో మన దేశానికి వెయిట్‌లిఫ్టింగ్ వేదిక ఎక్కే భాగ్యమే లేకపోయింది. ఏ మందూ ముట్టకుండా ఏళ్ళ తరబడి చెమటోడ్చినవారి మాటేమిటి? వారి ఆశలు దొంగిలించినదెవరు?

ఇది పాత కథ కూడా కాదు. 2023లో మన దేశంలో 5,606 నమూనాలు పరీక్షిస్తే 213లో నిషిద్ధ పదార్థాలు కనిపించాయని ప్రపంచ సంస్థ వాడా లెక్క చెప్పింది.

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో అరిస్టాటిల్ చెప్పిన ఒక మాట నాకు నచ్చింది. వాద్యం వాయించి వాయించే మనిషి వాద్యకారుడవుతాడు, న్యాయమైన పనులు చేసి చేసే న్యాయవంతుడవుతాడు అన్నది ఆయన భావం. సద్గుణాన్ని ఎవరూ మనలోకి ఎక్కించలేరు. గుణదల మాతకు మ్రొక్కుకున్న తల్లి కొండ మెట్లు తన కాళ్ళతోనే ఎక్కుతుంది. కూలి ఇచ్చి వేరొకరిని ఎక్కిస్తే మ్రొక్కు తీరినట్లా? సూదితో వచ్చిన గెలుపూ అంతే. పతకం చేతికి వస్తుంది, మనిషి మాత్రం కొండ క్రిందే ఉండిపోతాడు.

తల్లిదండ్రులారా, కోచ్‌లారా, ఇప్పుడు మీతో ఒక మాట. ఒకప్పటి తూర్పు జర్మనీలో విటమిన్లని చెప్పి చిన్నపిల్లలకు స్టెరాయిడ్ మాత్రలు మింగించారు. ఆ ఆడపిల్లల్లో ఎందరో జీవితాంతం రోగాలతో బాధపడ్డారు. 2000లో బెర్లిన్ న్యాయస్థానం శిక్ష విధించింది మాత్రలు మింగిన పిల్లలకు కాదు, నాటి క్రీడాధిపతికి, వైద్యాధికారికి. బిడ్డ చేతిలో సీసా కనిపిస్తే ముందు మన చేతులు చూసుకుందాం. ఇంటికి రాగానే "గెలిచావా?" అని తప్ప వేరే ప్రశ్న వేయని ఇంట్లో పిల్లవాడు నిజం ఎలా చెబుతాడు? జిమ్‌లో ఎవరో ఇచ్చిన పొడి, పేరులేని సీసా డాక్టరుకు చూపించకుండా వాడనివ్వకండి. పోటీలకు వెళ్ళే బిడ్డ జలుబుకు మాత్ర వేసుకోవాలన్నా, తాను క్రీడాకారుణ్ణని డాక్టరుకు ముందే చెప్పాలి.

ఆ పిల్లవాని సంగతి చెప్పి ముగిస్తాను. జక్కయ్య ప్రభువును ఇంట చేర్చుకున్న రోజున కన్నీళ్ళతో సరిపెట్టలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. పశ్చాత్తాపం నిజమైతే, తీసుకున్నది తిరిగి ఇవ్వాలి. ఈ మాట చెప్పడం నాకు కష్టమైంది, వినడం వారికి ఇంకా కష్టమైంది. రెండు వారాల తరువాత తల్లీ కొడుకులు క్రీడాసంఘం వారిని కలిసి, జరిగింది చెప్పి, పతకం అప్పగించి వచ్చారు. తండ్రి చాలా రోజులు కొడుకుతో మాట్లాడలేదు. కొడుకు కొంతకాలం పోటీలకు దూరంగా ఉండవలసి వచ్చింది. ఆ ఇంటి అప్పు ఇంకా తీరలేదు. ఒక ఆదివారం మాత్రం తండ్రీ కొడుకులు ఒకే బల్లమీద పక్కపక్కన మోకరించడం చూశాను. ఆ రోజు నేను ఎవరిచేతా చప్పట్లు కొట్టించలేదు. పీఠం దగ్గర నిలబడి దేవునికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను.

మన బిడ్డల దేహాలు పవిత్రాత్మ ఆలయాలు. ఓడినా ఆ ఆలయాలను శుద్ధిగా నిలుపుకునే ధైర్యాన్ని ప్రభువు వారికి, వారి ఓటమిని ప్రేమతో స్వీకరించే మనసును మనకు అనుగ్రహించునుగాక. ఆమెన్.