పిట్టగోడా, పొగగొట్టమూ

కొత్త పోప్ ఎన్నికలో పరిశుద్ధాత్మ తోడుంటుందని కేథలిక్కుల నమ్మకం. ఆ ఫలితాన్ని లోకానికి చాటే పొగను మాత్రం వాటికన్ దేవుడి మీద వదిలేయలేదు. పొగగొట్టాన్ని కరెంటు తీగలతో ముందే వేడెక్కిస్తారు. అదీ చాలకపోతే ఫ్యాను సిద్ధంగా ఉంటుంది.

ఆ ఎన్నిక జరిగే సిస్టీన్ చాపెల్‌లో ఓటు చీటీలు కాల్చే పోతఇనుము పొయ్యి 1939 నాటిది. 2005లో పొగకు రంగు తెప్పించే రసాయనాల కోసం దాని పక్కన రెండోది పెట్టారు. ఎన్నిక వచ్చినప్పుడల్లా బిగించే గొట్టమే రెండింటికీ దారి. ఆ ఏడు పొగ చాపెల్ లోపలికే తన్నుకొచ్చిందని అక్కడున్న కార్డినళ్లు తర్వాత చెప్పారు. పైకప్పు మీదేమో మైకెలాంజిలో 1508 నుంచి 1512 దాకా వేసిన బొమ్మలు!

పొగ వేడిగా ఉన్నంతసేపే పైకి పోతుంది. గొట్టం చల్లగా ఉంటే దారిలోనే చల్లారి, బరువెక్కి కిందికి దిగుతుంది. పాత ఇళ్లలో కొత్త హీటర్ తగిలించినప్పుడు వచ్చే చిక్కు కూడా ఇలాంటిదే. వెడల్పాటి ఇటుక చిమ్నీని ఎప్పుడో బాగా వేడి వదిలే పొయ్యి కోసం కట్టి ఉంటారు. కొత్త పరికరం ఆ వేడిని ఇంట్లోనే ఉంచుకుని, చిమ్నీలోకి కొంచెమే పంపుతుంది. అంత పెద్ద చిమ్నీ దానికి వేడెక్కదు, పొగ లాగదు. పైగా ఆవిరి లోపలి గోడకు చెమ్మపట్టి, ఆమ్లమై గారను తినేస్తుంది. అందుకే హీటర్ కొలతకు తగ్గ స్టీలు గొట్టాన్ని చిమ్నీలోకి దింపుతారు. కార్డినళ్లకు పొగ కనీసం కంటికి కనబడింది. చిమ్నీ లాగకపోతే ఇంట్లోకి చేరే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాడికి దగ్గు కూడా రాదు.

చావు ఎప్పుడు రాసిపెట్టి ఉంటే అప్పుడే వస్తుందని నమ్మేవాడు ఇదంతా ఎందుకు చూసుకోవాలి?

యూదుల ధర్మశాస్త్రం ఈ ప్రశ్నను ఇంటికప్పు మీద నిలబెట్టి అడిగింది. కొత్త ఇల్లు కట్టినవాడు కప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలి, ఎవరైనా పడితే ఆ రక్తదోషం ఇంటికి చుట్టుకుంటుంది అంటుంది ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం. దీని మీద తాల్ముద్ అనే వ్యాఖ్య గ్రంథపు పండితులు తిరకాసు వాదమే చేశారు. పడేవాడికి ఆ రాత సృష్టి మొదలైన నాడే రాసి ఉండొచ్చు. అయినా అది నీ ఇంటి మీంచే ఎందుకు జరగాలి? నుదుటి రాత మాట మనకూ కొత్త కాదు గానీ, ఈ మలుపు చూడాలి. రాతను వాళ్లు కాదనలేదు. దాన్ని అడ్డం పెట్టుకుని ఇంటివాడు తప్పించుకునే దారిని మూసేశారు.

12వ శతాబ్దంలో యూదు పండితుడు మైమోనిడీస్ ఆ నియమాన్ని పిట్టగోడ దాటించి, పెరటి బావి దాకా, ప్రాణం తీయగల ప్రతి వస్తువు దాకా తీసుకుపోయాడు. చిమ్నీని ఆ జాబితాలో చేర్చడానికి పెద్ద పాండిత్యమేమీ అక్కర్లేదు. నా ప్రాణం నా ఇష్టం, మీకేమిటి అనేవాడికి కొరడా దెబ్బలన్నాడు. శిక్ష మోటుదే. కానీ చిమ్నీ విషయంలో 'నా ప్రాణం' అనే మాట నిలవదు. హీటర్ బేస్‌మెంటులో, పిల్లల గది మేడ మీద.

న్యూజెర్సీలో పాత ఇల్లు కొన్న తెలుగువాళ్లు పాలు పొంగించడానికి మంచి ఘడియ చూసుకుంటారు. చూసుకోవాల్సిందే. అమెరికా అగ్నిప్రమాద నివారణ సంఘం 211వ నంబరు ప్రమాణం ప్రకారం ఇల్లు చేతులు మారినా, వేరే రకం పరికరం పెట్టినా చిమ్నీకి రెండో స్థాయి తనిఖీ చేయించాలి. పైనుంచి కెమెరా దింపి పగుళ్లు, మసి, పక్షిగూళ్లు ఉన్నాయేమో చూస్తారు. దానికి వర్జ్యం, దుర్ముహూర్తం లేవు.