ఆ మాట ఎట్లు చెప్పవలెను?

కెనడాలో మంచుగడ్డపై ఆడు హాకీని బాబ్ కోల్ అను ఆయన 1969 మొదలుకొని రేడియోలోను, పిమ్మట టెలివిజనులోను వర్ణించి చెప్పెను. ఆట నడుచుచుండగనే ఆటగాండ్రు మారుదురు. కన్ను రెప్పపాటు తడబడినచో పేరు తప్పును. ముసలితనమున ఆయన పేర్లు తప్పుచున్నాడని కొందరు సణిగిరి.

మరి ఆయన మానవలెనా? సరియైన పేరు చెప్పుట వినువానికి ఋణము. గుడ్డివాడు ఆ గొంతుతోనే ఆట చూచును గదా! ఋణము తీర్చలేనప్పుడు మానుటయే న్యాయము.

అయితే ఆ మాట ఎట్లు చెప్పవలెను? నాకు ఇదియే పెద్ద ప్రశ్న. 2018లో కడపటి పోటీలకు పిలుపు రాకపోగా ఆయన నొచ్చుకొనెను. జీతమిచ్చువారికి అది చిన్న మార్పు, ఆయనకు బ్రదుకంతయు. మరుసటి ఏడు మాత్రము, ఇదే చివరిదని అందరికిని ముందే తెలిసెను. 2019 ఏప్రిల్‌లో, 85 ఏండ్ల ప్రాయమున, మాంట్రియల్‌లో ఆయన చివరి ఆట చెప్పినప్పుడు జనులు లేచి చప్పట్లు కొట్టిరి.