తుపాకులు తీసేసిన రెక్క

రెక్క ముందు అంచున నాలుగు రంధ్రాలున్నాయి. ఆవగింజ కూడా పట్టదు వాటిలో. మూడు వారాలుగా నా సాయంత్రాలన్నీ వాటికే పోతున్నాయి.

రిటైరయ్యాక పట్టుకున్న పిచ్చి ఇది. 72వ వంతు కొలతలో స్పిట్‌ఫైర్ అనే బ్రిటిష్ విమానం నమూనా చేస్తున్నాను. అసలు విమానం రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి 11 మీటర్ల పైచిలుకు. నా బల్ల మీద అది జానెడు కూడా లేదు. పెట్టెలో వచ్చింది యుద్ధం చేసే ఫైటర్. నాకు కావాల్సింది దాని తోబుట్టువు, రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువు నేల మీదికి వెళ్లి ఫొటోలు తెచ్చిన పీఆర్ 11 రకం. అందుకని ముక్కు కింద గడ్డం కాస్త పెంచాలి, పొట్టలో కెమెరాలకి కిటికీలు తొలవాలి, రెక్కల్లోని ఫిరంగి గొట్టాలు కోసేయాలి, తుపాకీ రంధ్రాలు పూడ్చాలి.

అసలు విమానానికీ ఇలాగే చేశారు. తుపాకులన్నీ తీసేసి, ఆ రెక్కల ముందు భాగంలో పెట్రోలు నింపారు. రెండు రెక్కల్లో కలిపి 600 లీటర్ల దాకా పట్టేది. ముందు అద్దానికి ఉండే బులెట్‌ప్రూఫ్ పలకా తీసేశారు. పైలట్ సీటు వెనక, నేలకేసి చూస్తూ రెండు పెద్ద కెమెరాలు. ఒళ్లంతా బూడిద కలిసిన నీలం రంగు, 30,000 అడుగుల ఎత్తున ఆకాశంలో కలిసిపోవడానికి. శత్రువు ఎదురైతే పారిపోవడమే, తిరిగి కాల్చడానికి ఏమీ లేదు. పైలట్ మాటిమాటికీ అద్దంలో వెనక్కి చూసుకునేవాడు, తన విమానం తెల్లటి ఆవిరి గీత వదులుతోందేమోనని. గీత పడిందా, కింద ఉన్నవాళ్లకి దొరికిపోయినట్టే. వెంటనే ఎత్తు మార్చుకోవాలి.

ఆయుధం తీసేస్తే దూరం పెరిగింది, నడిచిన జాడ మిగలకూడదు, చూడటమే పని. మా గుడిలో శనివారం ప్రవచనానికి ఇంతకన్నా మంచి సరుకు దొరుకుతుందా? నేనూ అలాగే మురిసిపోయాను, ప్రైమర్ వేసేదాకా.

ప్రైమర్ అంటే అసలు రంగుకి ముందు వేసే బూడిద రంగు పూత. అంతకుముందే రంధ్రాల్లో పుట్టీ కూరి, ఒక రాత్రి ఆరనిచ్చి, తడి సాండ్‌పేపర్‌తో రుద్దాను. వేలు ఆనిస్తే నున్నగా తగిలింది. తీరా ప్రైమర్ పడ్డాక చూస్తే, నాలుగు చోట్లా నాలుగు గుంటలు. పుట్టీ ఆరేకొద్దీ లోపలికి కుంచించుకుపోతుంది. పైపైన ఆరడం చూసి పని అయిపోయిందనుకుంటాం. మళ్లీ కూరాను, మళ్లీ రుద్దాను. మళ్లీ గుంటలు, ఈసారి కాస్త లోతు తక్కువ.

మనసుకి పట్టి వదలని పాత ముద్రని వేదాంతంలో వాసన అంటారు. ఆ మాట చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఇంగువ కట్టిన గుడ్డని ఎన్నిసార్లు ఉతికినా పోనిదే వాసన అని మా నాయనమ్మ చెప్పేది. అర్థమైందనే అనుకున్నాను. ఈ మధ్య ఒక పెళ్లికి వెళ్లాం. పొలం గట్టు విషయంలో మాకూ మా పెద్దన్నయ్యకీ ఉన్న తగాదా తీరి ఎనిమిదేళ్లయింది. దాని ఊసే ఎత్తను నేను, ఎప్పుడో వదిలేశాను. భోజనాల దగ్గర పక్కనే కూర్చున్న అన్నయ్య మామూలుగానే అన్నాడు, ‘గట్టు మీద చింతచెట్టు కొట్టించేశాం రా’ అని. అంతే. కలిపిన ముద్ద చేతిలోనే ఆగిపోయింది. ఎనిమిదేళ్ల పుట్టీ ఒక్క మాటకి కుంగిపోయింది. అన్నయ్య మీద కోపం కన్నా, ఇన్నాళ్లూ నున్నగా ఉందని వేలితో తడిమి చూసుకున్న నా మీదే ఎక్కువ సిగ్గేసింది.

నేను చేస్తున్నది ఈఎన్ 343 నంబరు విమానం. దీన్ని ఎంచుకోవడానికి కారణం ఒక ఉదయం. 1943 మే 16 రాత్రి బ్రిటన్ నుంచి 19 లాంకాస్టర్ బాంబర్లు జర్మనీలో ఆనకట్టలు కొట్టడానికి వెళ్లాయి. ఎనిమిది తిరిగి రాలేదు. తెల్లారాక ఏం జరిగిందో చూసి రమ్మని బెన్సన్ స్థావరం నుంచి జెర్రీ ఫ్రే అనే పైలట్‌ని ఈ విమానంలో పంపారు. ఇంకా చాలా దూరంలో ఉండగానే అతనికి తూర్పున ఒక మేఘం లాంటిది కనిపించింది. దగ్గరికి పోతే అది మేఘం కాదని తెలిసింది. వరద నీళ్ల మీద పడిన ఎండ మెరుస్తోంది. మోనే ఆనకట్ట పగిలి లోయంతా నీళ్లు. ఆ నీళ్లలో వెయ్యి మందికి పైగా పోయారు. వాళ్లలో చాలామంది జర్మన్లు కారు. నేహైమ్ ఊరి దగ్గర శిబిరంలో ఉంచి వెట్టి చేయించుకుంటున్న సోవియట్ ఆడవాళ్లు. వాళ్లని అక్కడికి పట్టుకొచ్చినవాడు ఒకడు, నీళ్లు వదిలినవాడు ఇంకొకడు.

ఫ్రే తెచ్చిన ఫొటోలు పత్రికల మొదటి పేజీలకెక్కాయి. బొమ్మలో గండి ఉంది, నీళ్లున్నాయి. అంత ఎత్తు నుంచి మనుషులు కనపడరు.

విద్యారణ్యుల పంచదశిలో నాటకదీపమని ఒక ప్రకరణం ఉంది. నాట్యశాలలోని దీపం యజమానికీ, చూసేవాళ్లకీ, ఆడేదానికీ ఒకే వెలుగిస్తుంది. అందరూ లేచిపోయినా వెలుగుతూనే ఉంటుంది. అదీ సాక్షి. ఆ దీపాన్ని ఎవరూ పంపలేదు. అది చూసి వచ్చి ఎవరికీ చెప్పదు, దాని చూపు మీద ఎవరి పథకమూ నడవదు. నా విమానం అలాంటిది కాదని ఇక్కడికొచ్చేసరికి ఒప్పుకోక తప్పలేదు. రెక్కల్లో తుపాకులు లేకపోయినా ఒక సైన్యం కన్ను అది. ఫ్రేని తప్పు పట్టడం లేదు. ఆయుధం లేకుండా అంత దూరం ఒంటరిగా వెళ్లి రావడానికి గుండె కావాలి. నాకు ఇబ్బంది మన వాడకంతోనే. కింది వాటాలో భార్యాభర్తలు అరుచుకుంటుంటే బాల్కనీలోంచి చూస్తూ నిలబడి, మనకెందుకులే, సాక్షిగా ఉందాం అనుకుంటాం. నేనూ అనుకున్నాను. అది సాక్షీభావం అవునో కాదో గానీ, ఎత్తు మాత్రం అవును. ఎత్తు నుంచి వరద కూడా మేఘంలాగే కనిపిస్తుంది.

నిన్న నీలం రంగు వేశాను. పల్చగా మూడు పూతలు, ఒక్కోదానికీ మధ్య అరగంట. బ్రిటిష్ విమానాలకుండే గుండ్రటి గుర్తులు నీళ్లలో నానబెట్టి, బ్రష్ కొసతో జరుపుతూ అతికించాను. వీటిలో మామూలు గుర్తుల్లాగా తెలుపు ఉండదు, ఎరుపూ నీలమే. తెలుపైతే దూరం నుంచే పట్టిస్తుంది. ఆఖరికి తోక దగ్గర నంబరు. బాగుందనే అనిపించింది. కళ్లద్దాలు తీసి చూస్తే మరీ బాగుంది.

సాయంత్రం స్కూలు నుంచి వచ్చిన మా మనవరాలు దాన్ని రెండు వేళ్లతో పొట్ట దగ్గర పట్టుకుని కిటికీలోంచి పడుతున్న ఏటవాలు ఎండకి ఎత్తింది. నేను ఒక్క మాట చెప్పలేదు.

‘తాతయ్యా, దీనికి ఇక్కడ తుపాకులుండేవా?’